బొమ్మలు ఆడితే చాలునా?

ఈ వారం వంట సంగతి కాదు, వండింది అమ్ముకునే సంగతి. ఊరగాయలూ, పొడులూ, భోజనాలూ ఇంటినుంచే అమ్ముతూ వెబ్‌సైట్ పెట్టుకున్నవాళ్ళు మనలో ఎందరో ఉన్నారు కదా!

మా యారాడలో ఒకావిడ ఆదివారాలు బీచికి వచ్చేవాళ్ళకి చేపల పులుసుతో భోజనం వండి పెడుతుంది. చీటీ పాడిన డబ్బుతో వెబ్‌సైట్ చేయించింది. తెరవగానే కెరటాలు లేస్తాయి, పడవ ఊగుతుంది, కంచంలోంచి ఆవిర్లొస్తాయి. సినిమా టైటిల్స్‌లా ఉంటుంది, కాదనను. కానీ గూగుల్‌లో "యారాడలో ఇంటి భోజనం" అని వెతికితే ఆమె జాడే లేదు. ఎందుకంటారా? పేరూ, ధరలూ, ఫోన్ నంబరూ అన్నీ బొమ్మల్లోనే గీసేశారు. వెతికే యంత్రం ముఖ్యంగా చదివేది అక్షరాల్ని. పేరు రాయని డబ్బాలో ఏం పోశామో మన ఇంట్లోవాళ్ళకే తెలీదు, ఇక దానికేం తెలుస్తుంది?

ఇది పాత తంటాయే. పూర్వం ఇలాంటివి ఫ్లాష్‌తో చేసేవారు. 2008లో గూగుల్ అందులోని అక్షరాల్ని మునుపటికంటే బాగా చదవడం మొదలెట్టింది, 2019లో మానేసింది. 2020 డిసెంబరు 31తో అడోబ్ కంపెనీయే ఫ్లాష్‌కి మంగళం పాడేసింది. ఇప్పుడు బొమ్మలాడించే పద్ధతులు వేరు, చిక్కు మాత్రం అదే.

యానిమేషన్ తీసేయక్కర్లేదండీ. ఆ కెరటాల కిందే ఏం వండుతారు, ఎక్కడ, ఎంతకి అన్నది మామూలు అక్షరాల్లో పెట్టించండి. తెలుగైతే యూనికోడ్‌లోనే ఉండాలి. ప్రతి ఫోటోకీ వెనకాల వివరం రాసే చోటుంటుంది, అక్కడ "వంజరం చేపల పులుసు" అని ఉన్నదున్నట్టు రాయాలి. నొక్కితేనే వచ్చే మాటలుంటే జాగ్రత్త, గూగుల్ యంత్రం మనలా బటన్లు నొక్కదు. పులుసుకో పేజీ, పచ్చళ్ళకో పేజీ విడిగా ఉంటే మరీ మంచిది.

కొందరు కుర్రాళ్ళు "ఆంటీ, తెల్లటి పేజీమీద తెల్లటి అక్షరాలు పెట్టేస్తా, మనుషులకి కనపడవు, గూగుల్‌కి కనపడతాయి" అంటారు. వద్దంటే వద్దనండి! గూగుల్‌కి ఒకటీ, మనిషికి ఒకటీ చూపించడం మోసం కిందే లెక్క. 2006లో జర్మనీలో అంతటి బీఎండబ్ల్యూ సైట్‌నే ఇలాంటి పనికి గూగుల్ తన జాబితాలోంచి తీసేసింది. వాళ్ళు కార్ల కంపెనీ, తట్టుకున్నారు. మనకి ఆదివారం బేరం పోతే సోమవారం సరుకులకి వెతుక్కోవాలి.

పరీక్ష చాలా తేలిక. మీ పేజీలో ధర మీద వేలు నొక్కి పట్టుకోండి. అక్షరాలు ఎంపికై కాపీ అయితే సాధారణంగా అవి నిజం అక్షరాలే. లేకపోతే బొమ్మేమోనని అనుమానించండి. డబ్బు పూర్తిగా ఇచ్చేముందే ఈ పని చేయండి, తర్వాత ఆ అబ్బాయి ఫోనెత్తడు! సరిచేయించాక గూగుల్ మళ్ళీ వచ్చి చదవడానికి కొన్ని రోజులో, వారాలో పడుతుంది. ఈలోగా గూగుల్ మ్యాప్‌లో మీ చోటు నమోదు చేసుకోండి, దానికి డబ్బేం కట్టక్కర్లేదు.