చంపేది రైతు, చేతులు కడుక్కునేది మనం

మొక్కజొన్న కంకి పాలు పోసుకునే రోజులొస్తే జిల్లా పేజీల్లో ఒక వార్త తప్పకుండా కనిపిస్తుంది. అడవి పందుల కోసం పెట్టిన కరెంటు తీగ తగిలి రైతు మృతి. ఊరు మారుతుంది, మండలం మారుతుంది, తీగ మారదు. ఒక్కోసారి చనిపోయేది తీగ పెట్టినవాడే. ఒక్కోసారి పక్క చేనువాడు, తెల్లవారుజామున మోటారు వేయడానికి గట్టు వెంట నడుస్తూ. ఆసిఫాబాద్, మంచిర్యాల అడవుల్లో కరెంటు తీగలకు పులులూ బలయ్యాయి. పులి చస్తే హైదరాబాద్ నుంచి అధికారుల జీపులొస్తాయి. రైతు చస్తే పంచనామా జరుగుతుంది. పంది చస్తే తెల్లారేలోగా కోసి పంచుకోవడమే, ఏ రికార్డులోనూ ఒక్క అక్షరం ఉండదు.

అడవి పందుల్ని చంపొచ్చా చంపకూడదా అని వాదించుకునేవాళ్లను నేను ఒకటే అడుగుతాను. చంపడం ఎక్కడ ఆగింది? ప్రతి రాత్రీ చస్తూనే ఉన్నాయి. స్తంభం మీది లైనుకు కొక్కెం తగిలించి లాగిన తీగకు చస్తున్నాయి. క్లచ్ వైరు ఉచ్చులో నడుము తెగి, రెండు రోజులు గిలగిలలాడి చస్తున్నాయి. పిండి ముద్దలో పెట్టిన నాటు బాంబు కొరికి, దవడ ఊడిపోయి, తినలేక తాగలేక చస్తున్నాయి. 2020 మేలో కేరళ పాలక్కాడ్ జిల్లాలో కడుపుతో ఉన్న ఏనుగు నోట్లో అలాంటిదే పేలింది. ఆ ఏనుగు నదిలో నిలబడే ప్రాణం విడిచింది. దేశమంతా కన్నీరు పెట్టింది. ఆ మందుగుండు అడవి పందుల కోసం పెట్టిందని దర్యాప్తులో తేలింది. అంటే అంతకు ముందూ ఆ తర్వాతా పందుల దవడలు అలాగే పేలుతున్నాయి. వాటి కోసం కొవ్వొత్తి వెలిగించినవాళ్లెవరూ లేరు.

చట్టంలో దారి లేక కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధిస్తూనే, చేలో నిలిచి ఉన్న పంటను పాడుచేసే అడవి పంది లాంటి జంతువును, కారణాలు రాసి, రాతపూర్వక ఉత్తర్వుతో చంపించే అధికారాన్ని 11వ సెక్షన్ కింద అటవీ శాఖకు ఇచ్చింది. కాగితం మీద ఎంత బాధ్యతగా ఉందో చూడండి. కానీ దరఖాస్తు పెట్టిన రైతుకు ఆ ఉత్తర్వు చేతికొచ్చేలోగా కంకులు నేలపాలవుతాయి. నష్టపరిహారం అడిగితే పాసుపుస్తకం తెమ్మంటారు. కౌలు రైతు దగ్గర ఏ పుస్తకం ఉంటుంది? చేను చుట్టూ పాత చీరలు కట్టి, మంచె మీద రాత్రంతా డబ్బా వాయించి, చివరికి ఒకనాటి రాత్రి ఆ కొక్కెం చేతిలోకి తీసుకుంటాడు. అతన్ని అక్కడిదాకా నెట్టినవాళ్లు మాత్రం ఏ కేసులోనూ ముద్దాయిలు కారు.

నగరంలో కూర్చుని జీవహింస వద్దనే మిత్రులారా, మీ దయను నేను వెక్కిరించడం లేదు. అది నిజమైనదే అని నమ్ముతాను. కానీ మీ పళ్లెంలో కోడిగుడ్డు ఉంటే ఒక్క నిమిషం దాని వైపు చూడండి. మన కోళ్ల దాణాలో సగానికి పైగా మొక్కజొన్నే. ఆ మొక్కజొన్నను కాపాడటానికే ఆ తీగ. మీ గుడ్డులో ఆ పంది చావు ఉంది, ఒక్కోసారి ఆ రైతు చావు కూడా ఉంది. చంపొద్దని మీరంటే చావు ఆగదు, చీకట్లోకి వెళ్తుందంతే.

కాబట్టి సూటిగా చెబుతాను. పంట మీద బతికేవాళ్లు పంట వదిలేసే స్థితికి వచ్చిన చోట పందుల సంఖ్య తగ్గించాలి. తగ్గించడమంటే చంపడమే, దానికి మెత్తటి పేరు పెట్టను. ఆ చంపడం ప్రభుత్వం చేయాలి. శిక్షణ ఉన్నవాడి చేత, ఒక్క గుండుకు ప్రాణం పోయేలా, సంతకం పెట్టి, లెక్క చెప్పి చేయాలి. జంతువుకు నొప్పి ఉంటుందన్న మీ మాట నిజం కాబట్టే, రెండు రోజుల ఉచ్చు కంటే ఒక్క క్షణం తుపాకీ నయమంటున్నాను.

దీన్ని అడ్డం పెట్టుకుని తుపాకులు భుజానేసుకుని బయల్దేరేవాళ్లకూ నా దగ్గర మాట ఉంది. చట్టంలోని 62వ సెక్షన్ కింద ఒక జంతువును కేంద్రం ‘వర్మిన్’గా, అంటే హానికర జంతువుగా ప్రకటిస్తే, ప్రకటించిన ప్రాంతంలో, ఆ గడువు మేరకు దానికి రక్షణ మొత్తం పోతుంది. ఎవరైనా, ఎన్నైనా, ఎలాగైనా చంపొచ్చు. 2015 చివర, 2016లో బీహార్‌లో నీల్గాయికి, ఉత్తరాఖండ్‌లో అడవి పందికి, హిమాచల్‌లో కోతికి అదే రాసిపెట్టారు. 2016 జూన్‌లో బీహార్‌లోని మొకామా దగ్గర మన హైదరాబాద్ నుంచి వెళ్లిన షూటర్లు కొద్ది రోజుల్లో రెండు వందలకు పైగా నీల్గాయిల్ని కాల్చారు. దాని మీద ఢిల్లీలో ఇద్దరు కేంద్ర మంత్రులు బహిరంగంగా తగువులాడుకున్నారు. 2019లో అదే బీహార్‌లో, వైశాలి జిల్లాలో, గుండు తగిలి ఇంకా కొనప్రాణంతో ఉన్న నీల్గాయిని జేసీబీతో గోతిలోకి తోసి మట్టి కప్పేశారు. ఆ వీడియో చూసినవాళ్లెవరూ దాన్ని పంట రక్షణ అనరు. బాధ్యత లేని అనుమతి చివరికి ఆ గోతి దగ్గరికే చేరుతుంది.

ఇంతకీ పందులు ఎందుకు పెరిగాయి? ఆ నేరం పందిది కాదు. ఊరి పొలిమేరలో, చెరువు శిఖంలో సర్కారు తుమ్మ అల్లుకుపోయి పగలంతా దాక్కునే చోటిచ్చింది. దాని పక్కనే ఎకరాలకు ఎకరాలు తియ్యటి మొక్కజొన్న మనమే వేశాం. పందిని తినే జంతువును మనమే తుడిచిపెట్టాం. బ్రిటిష్ కాలం నుంచి పులికి, తోడేలుకు, రేచుకుక్కకు తలకింత అని బహుమానాలిచ్చి చంపించారు. భూటాన్‌లో 1970లు, 80ల్లో పశువుల్ని చంపుతున్నాయని రేచుకుక్కలకు విషం పెట్టారు. తర్వాత అడవి పందులు విరగబడి పొలాల్ని దున్నేశాయి. అయినా మనం పాఠం నేర్వలేదు. పైగా ఇది ఒక ఈతకు నాలుగైదు పిల్లల్ని పెట్టే జంతువు. వేట ఎక్కువైన ఫ్రెంచి అడవుల్లో ఏడాది వయసుకే ఆడపందులు ఈనడం మొదలుపెట్టాయని అక్కడి పరిశోధకులు చూపించారు. గుడ్డిగా కాలిస్తే సంఖ్య తగ్గకపోగా కుర్ర మంద తయారవుతుంది. పులుల్ని కెమెరాలు పెట్టి లెక్కించి 2022 గణనలో 3,682 అని తేల్చిన దేశం, తుమ్మ పొదల్లో పందులెన్నో అదే శ్రద్ధతో ఎందుకు లెక్కించదు?

కేరళ 2022లో స్థానిక సంస్థల అధ్యక్షులకే కాల్చమనే అధికారమిచ్చింది. నిర్ణయం ఊరి దగ్గరికి రావడం మంచిదే. కానీ అక్కడ చచ్చిన పందిని కిరోసిన్ పోసి పూడ్చడాన్ని నేను ఒప్పుకోను. ప్రాణం తీశాక మాంసాన్ని మట్టిపాలు చేయడం ఆ జంతువుకు రెండో అవమానం. పంట పోయిన ఊరివాళ్లు పరీక్ష చేయించి వండుకోనివ్వండి. అమ్మకం మాత్రం వద్దు. అమ్మకం మొదలైతే లెక్క తప్పుతుంది.

అటవీ శాఖ పెద్దలకు నా డిమాండ్లు ఇవి. ముందు లెక్క తీయండి. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు చేను చుట్టూ వేయమని చెప్పే ఆముదం, కుసుమ సాళ్లకు, ప్రాణం తీయని సోలార్ కంచెకు చిన్న రైతుకు డబ్బివ్వండి. కౌలు రైతు పేరు మీదే పరిహారం రాయండి. అవి చాలని చోటే తుపాకీ తీయండి. ఎన్ని చంపారో, ఆడవెన్నో మగవెన్నో, ఎన్ని గాయపడి తప్పించుకున్నాయో పంచాయతీ గోడ మీద రాయండి. వచ్చే కారుకు పంట నష్టం తగ్గిందో లేదో దాని పక్కనే రాయండి. తగ్గకపోతే కాల్చడం ఆపండి. తీగ పెట్టినందుకు రైతు మీద కేసు రాసేటప్పుడు, అతని దరఖాస్తు ఏ తేదీన అందింది, ఎవరి టేబుల్ మీద ఎన్ని రోజులు పడి ఉంది అనేది కూడా ఆ కేసు కాగితంలోనే రాయండి.