తోటకు వారసులు



ఒకరు వేసిన తోట వారితోనే నశింపవలెనా? ఈ ప్రశ్నకు ఇంగ్లండు దేశమున ససెక్సు మండలమందలి గ్రేవ్‌టై మేనరను పాతభవనము చక్కని సమాధానము చెప్పుచున్నది.

రాతితో గట్టిన యీ యింటిని 1598వ సంవత్సరమున రిచర్డు ఇన్‌ఫీల్డు అను నతడు తన భార్య కాథరినుకొఱకు నిర్మించెను. 1885 ప్రాంతమున దీనిని ఐర్లండువాడైన విలియం రాబిన్సను కొనెను. ఇతడు చిన్ననాట తోటమాలి. పిమ్మట గ్రంథములవలనను, పత్రికలవలనను ధనమార్జించెను.

ఆకాలపు శ్రీమంతులు గాజుటిండ్లలో పెంచిన మొక్కలను వేసవిలో తివాసిమీది బొమ్మలవలె బారులుగా నాటించి, చలి రాగానే పెఱికి పాఱవేయించుచుండిరి. రాబిన్సనున కీ దుబారా నచ్చలేదు. ఆ నేలకును, ఆ చలికిని ఓర్చి యేటేట తమంతట దామే చిగిర్చెడి మొక్కలను నాటవలెనని 1870లో ప్రకటించిన ‘ది వైల్డ్ గార్డెన్’ అను గ్రంథమున వాదించెను. గ్రేవ్‌టైలో దానిని చేసి చూపెను. పచ్చికబయళ్లలో డాఫొడిల్ పూలదుంపలను వేలకొలది నాటించెను. చుట్టునుగల భూములలో వనములు పెంచెను. కాయగూరలకై అండాకారముగా గోడ కట్టించి పెరడు వేయించెను. అట్టి గోడ చలిగాలి నడ్డగించి, ఎండవేడిమిని పట్టియుంచి, పండ్లచెట్లకు మేలుచేయును. ఉద్యానకళలో ప్రసిద్ధికెక్కిన గెర్ట్రూడ్ జెకిల్ అను నామె యితని స్నేహితురాలు. ఇతని పత్రికకు వ్యాసములు వ్రాసెడిది. వార్ధక్యమున నడవలేక చక్రముల కుర్చీలో తిరుగుచున్నను రాబిన్సను తోటను విడువలేదు.

అతడు అవివాహితుడు, సంతానము లేదు. 1935లో మరణించుచు తన భూములను దేశమునకే విడిచెను. కాని కన్నులలో పెట్టుకొని చూచువారు లేక, యుద్ధకాలమున తోట పాడువడెను. 1958లో పీటర్ హెర్బర్టు అను నతడు ఆ భవనమును హోటలుగా మార్చి, తోటను మరల బాగుచేయించెను. తోట యందము చూడ నతిథులు వచ్చిరి; వారిచ్చిన సొమ్ముతో తోటమాలులకు జీతములు ముట్టెను. 2010 తరువాత మఱియొకమారు జీర్ణోద్ధారణము జరిగెను. నేడు ఆ గోడలోపలి పెరటి కూరలును, పండ్లును హోటలు వంటయింటికి వచ్చుచున్నవి.

రాబిన్సనునకు బిడ్డలు లేకపోయినను అతని తోట దిక్కులేనిది కాలేదు. కలుపుతీసి, నీరు పోసినవారే దానికి వారసులైరి. అత్తగారు నాటిన మల్లెపాదును వాడనీయక కాపాడు కోడలి కీమాట క్రొత్తది కాదుగదా!