ఇచ్చిన మాట ఏమైంది?

వాతావరణ మార్పును తట్టుకోవడానికి పేద దేశాలకు 2020 కల్లా ఏటా 10 వేల కోట్ల డాలర్లు సమకూరుస్తామని సంపన్న దేశాలు 2009లో కోపెన్‌హాగన్‌లో మాట ఇచ్చాయి. అది నెరవేరింది 2022లో. నా ప్రాజెక్టు రెండు వారాలు ఆలస్యమైతే మేనేజరు ఊరుకోడు, వీళ్ళని అడిగేదెవరు?

2024లో బాకులో పేద దేశాలు లక్షా 30 వేల కోట్లు అడిగితే, 2035 నాటికి 30 వేల కోట్లన్నారు. 2025 జనవరిలో అమెరికా ప్యారిస్ ఒప్పందం నుంచి రెండోసారి తప్పుకోవాలని నిర్ణయించింది.

"ముందు ఇండియా, చైనా తగ్గించనీ" అని ఆఫీసులో ఎవరన్నా అంటే నేనూ తల ఊపినవాణ్ణే. కానీ రోజూ ఒక్కణ్ణే కారులో వెళ్ళే నాకు ఈ పొగలో ఉన్న వాటా, కృష్ణా డెల్టా రైతుకి లేదు.

మిత్రులారా! సిటిజన్లు ఓటుతో, మిగతావాళ్ళం ఉత్తరంతో మన కాంగ్రెస్ సభ్యుణ్ణి అడుగుదాం. ఇక్కడ పన్ను కట్టేవాళ్ళకి అడిగే హక్కుంది.