జాకీ స్తంభము కాదు

మా చిలకలగూడ సందులలో ఇంటిముందే కారును జాకీతో ఎత్తి, దాని క్రింద దూరి మరమ్మతు చేసికొనువారు తరచుగా కనబడుదురు. స్వయంకృషి మెచ్చదగినదే. కాని ఒక్క జాకీని నమ్మి బండి క్రింద పరుండుటను మేము మెచ్చజాలము.

జాకీ ఎత్తుటకే గాని మోయుటకు కాదు. హైడ్రాలిక్ జాకీ పాస్కల్ సూత్రముపై పనిచేయును. చిన్న పిస్టనుపై మనము వేసిన ఒత్తిడి నూనె ద్వారా పెద్ద పిస్టనుకు చేరి బండిని లేపును. సీలు అరిగి నూనె కారినచో బండి క్రుంగును. నేల వాలుగా నున్నచో జాకీ ఒరుగును.

కావున గట్టి సమతలమును ఎంచుకొనవలెను. హ్యాండ్‌బ్రేకు వేసి, గేరులో ఉంచి, ఎత్తబోవు చక్రమునకు ఎదుటి మూలనున్న చక్రము ముందు వెనుకల రాళ్ళు పెట్టవలెను. చక్రము విప్పవలసినచో నట్లను నేలమీదనే వదులు చేయవలెను. 1983లో వచ్చిన మారుతి 800 వంటి కార్లకు వేరుగా చట్రము లేదు. రేకు దేహమే బరువు మోయును. తలుపుల క్రింది అంచున బలపరచిన చోట్లనే జాకీ ఆనించవలెను. అన్యత్ర ఆనించినచో రేకు నొక్కుకొనును. బండి లేచిన పిమ్మట దానిని జాకీ స్టాండ్లపై దింపవలెను. ఇటుకలు హఠాత్తుగా పగులును, వాటిని నమ్మరాదు.

"ఐదు నిమిషముల పనియే కదా" అందురు కొందరు. ప్రాణము పోవుటకు అంత సమయము అక్కరలేదు. పరీక్షలో పాస్కల్ సూత్రము వ్రాసి మార్కులు తెచ్చుకొన్న విద్యార్థి, ఇంట జాకీ క్రింద తల పెట్టినచో, మేము చెప్పిన చదువు మార్కులకే గాని బ్రతుకునకు అక్కరకు రాలేదనియే ఒప్పుకొనవలెను.