బాటప్రక్క చెట్టున కెవరు దిక్కు?

2023 డిసెంబరు 5వ తేదీన మిగ్‌జాం తుపాను బాపట్ల సమీపమున తీరమును దాటెను. చెట్లు కూలెను, కోతకు వచ్చిన వరి నీట మునిగెను. ఇట్టి ప్రతి తుపాను వెనుకను మన పట్టణములలోను, అమృతలూరు వంటి గ్రామములలోను ఒక వాదము వినవచ్చుచుండును. ఇంటిముందరి చెట్టు ప్రమాదకర మనియు, గాలి రాకమునుపే దానిని నఱికించుట వివేక మనియు ఆ వాదము.

దీనిని తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు. 1977 నవంబరు 19వ తేదీ యుప్పెనను ఈ సీమ మఱచియుండలేదు. పైకప్పుమీద మ్రాను పడిన కుటుంబమునకు నీడను గూర్చిన యుపన్యాసము రుచింపదు. కాని ఆ మ్రాను కూలుటకు కారణమేమని విచారించువా రెందరు? డెల్టాలోనిది నల్లరేగడి నేల. నీరు పైననే తగులును. వేళ్లు లోతునకు దిగక ప్రక్కలకు ప్రాకును. మురుగుకాలువ త్రవ్వుటకై ఆ ప్రక్కవేళ్లనే ఒకవైపున తెగగొట్టుదుము. రెండవవైపున సిమెంటును మొదలంట పోయుదుము. తీగెల కడ్డమని విద్యుత్తు పనివారు వచ్చి తీగెవైపు కొమ్మలనే నఱికి, బరువంతయు రెండవప్రక్కకు ఒఱగునట్లు చేసి పోవుదురు. మోటుగా నఱికిన గాయమున తడి చేరి మాను పుచ్చిపోవును. ఇన్నియు చేసిన పిదప గాలికి కూలినచో నేరము చెట్టుమీద మోపుచున్నాము!

అడవి యనగా ఎచ్చటనో కొండలమీద నుండునదని మనవారి తలంపు. సాగునకు వచ్చిన నేలలో వృక్షమునకు చోటు దొరకుటయే అరుదు. నిజాంపట్నమువైపు మడయడవులు సైతము చాలమంది కంటికి ఉత్త బురదనేలలే. గట్టుమీది చెట్టునీడకు పైరు ఎదుగదని రైతు గొణుగును. ఆకులు రాలి వాకిలి పాడగుచున్నదని గృహస్థుడు విసుగుకొనును. అంగడి పేరుపలక కనబడదని వర్తకుడు కోపించును. వైశాఖమాసమున మాత్రము మువ్వురును తమ వాహనములను నిలుపుటకు ఆ నీడనే వెదకుదురు.

చెట్టునకు యజమానులకు కొదువ లేదు. కాలువగట్టుమీదిది నీటిపారుదల శాఖది; రహదారి ప్రక్కది రోడ్లు భవనముల శాఖది; వీధిలోనిది పురపాలక సంఘముదో పంచాయతీదో; దానిమీది తీగె విద్యుత్తు సంస్థది. తెనాలి నడుమ మూడు కాలువలు పారుచున్నవి గనుక అచ్చట ఈ చిక్కు మఱింత యధికము. నఱకుటకు 2002 నాటి జల, భూమి, వృక్ష చట్టము ననుసరించి, అనగా జనులు వాల్టా యని పిలుచు చట్టము ననుసరించి, అనుమతి కావలయును. బ్రతికియున్న చెట్టును ఏటేట పరీక్షించు పని మాత్రము ఎవ్వరిదిగను కానరాదు.

నాటుటకు లోపము లేదు. 1950లో మున్షీగారు కేంద్రమంత్రిగా వనమహోత్సవమును ఆరంభించిరి. ఉత్సవము నేటికిని నడచుచున్నది; మఱునాటినుండి నీరు పోయువాడే కఱవు. ఏది నాటవలయునను విచారమును స్వల్పమే. 2014 అక్టోబరు 12వ తేదీ హుద్‌హుద్ తుపానున విశాఖపట్టణము విశేషముగా పచ్చదనమును గోల్పోయెను. త్వరగా పెరుగునని అచ్చట ఏడాకులపాలను విరివిగా పెంచిరి. పూతకాలమున దాని ఘాటువాసన భరింపలేమని పౌరులు మొఱపెట్టుకొనిరి. వేపయే శరణ్యమందమా, 2021, 2022 సంవత్సరములలో తెలుగునాట వేపలు కొనలనుండి యెండిపోవుట చూచితిమి. ఒక్క జాతినే నమ్ముట ఒక్క పంటనే నమ్ముట వంటిది. వెడల్పు బాటలకు చింత, నేరేడు. ఇఱుకు వీధులకు కానుగ తగియుండును. రావిని గోడప్రక్కన నాటువానికి భక్తి యున్నదేమో గాని గోడమీద దయ లేదు.

మా కోరిక పెద్దది కాదు. తెనాలి, బాపట్ల, రేపల్లె పురపాలక సంఘములు తమ వీధులలోని ప్రతి చెట్టునకు సంఖ్య వేసి, దాని జాతిని, స్థితిని పుస్తకమున వ్రాయింపవలెను. 1945లో స్థాపితమైన వ్యవసాయ కళాశాల బాపట్లలోనే యున్నది; ఈ పనిని అచ్చటి విద్యార్థులచేత చేయింపవచ్చును. పుచ్చినవానిని నిర్మొగమాటముగా తీసివేయుడు. తక్కినవాని కొమ్మలను తుపానుల కాలమునకు ముందు, భాద్రపదములోపల, రెండువైపుల సరిచూచి కోయింపుడు. మొదటిచుట్టు మూడడుగుల మన్ను విడువుడు. ఆ పట్టికను కార్యాలయపు గోడకు అంటించినచో, ఏ చెట్టు ఎవరి యుత్తరువున నఱకబడినదో పన్నుకట్టువాడు అడుగగలడు.