దండలు సరే, పుస్తకమేదీ?

ఉత్తరాంధ్రలో సాహిత్య కేలండరు చాలా పద్ధతిగా నడుస్తుంది. సెప్టెంబరు 21 గురజాడ జయంతి, నవంబరు 30 వర్ధంతి. ఏప్రిల్ 30 శ్రీశ్రీ జయంతి, జూన్ 15 వర్ధంతి. జులై 30 రావిశాస్త్రి పుట్టినరోజు. మన భాషలో చెప్పాలంటే క్రాన్ జాబ్ అన్నమాట. తేదీ రాగానే విగ్రహం కడుగుతారు, దండ వేస్తారు, మైకు పెడతారు. 'యుగకర్త', 'అభ్యుదయం', 'నేటి యువతరం' లాంటి మాటలు ఓ యాభైసార్లు దొర్లుతాయి. మర్నాడు జిల్లా పేజీలో ఫోటో. ఇక వచ్చే ఏడాది దాకా ఆ విగ్రహం మీద కాకులదే రాజ్యం.

ఆ ఫోటోలో నిలబడ్డవాళ్ళని ఒకే ఒక్క ప్రశ్న అడగాలని ఉంటుంది. మీరు ఆయన్ని చదివారా అని కాదు (అది మర్యాద కాదు). ఆయన్ని చదువుదామనుకునే కుర్రాడికి పుస్తకం ఎక్కడ దొరుకుతుందో చెప్పగలరా అని.

గురజాడనే తీసుకుందాం. దేశం గురించి ఆయన రాసిన ఆ ఒక్క గేయంలో ఒక పాదం రాని రాజకీయ నాయకుడు మనకి లేడు. 2025 బడ్జెట్ ప్రసంగంలో కేంద్ర ఆర్థిక మంత్రి కూడా అదే ఎత్తుకున్నారు. సంతోషమే. కానీ ఆ ఒక్క పాదం దగ్గరే మనమంతా ఆగిపోయాం. 'కన్యాశుల్కం' 1892లో మొదట ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. 1909లో ఆయన దాన్ని దాదాపు కొత్తగా తిరగరాసి మళ్ళీ అచ్చేశారు. మనం చదివేదీ, నాటకంగా చూసేదీ, గిరీశం డైలాగులు చెప్పుకునేదీ ఈ రెండోదే. ఒక మహా రచయిత తన వెర్షన్ 1.0 పక్కనపెట్టి 2.0 ఎలా రాశాడో పక్కపక్కన పెట్టి చూసే అవకాశం ఎన్ని భాషలకి ఉంటుంది చెప్పండి? మనం కోడ్ రాసేటప్పుడు రోజుకి పదిసార్లు చేసే పనే అది. డిఫ్ తీసి చూడటం.

పైగా దీనికి చట్టపరమైన అడ్డంకి కూడా ఏమీ లేదు. ఆయన పోయింది 1915లో. కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది. 2012లో, ఆయన నూటయాభయ్యో జయంతికి, మనసు ఫౌండేషన్, ఎమెస్కో కలిసి 'గురుజాడలు' పేరుతో ఆయన రచనలన్నీ ఒకే సంపుటంగా తెచ్చారు. అదీ జయంతి చెయ్యడం అంటే. చేసింది మాత్రం ప్రభుత్వం కాదు. ప్రభుత్వం 2022లో విజయనగరంలో ఒక సాంకేతిక విశ్వవిద్యాలయం పెట్టి దానికి ఆయన పేరు తగిలించింది, జేఎన్‌టీయూ - గురజాడ అని. ఇంజనీర్ని కాబట్టి నాకు అభ్యంతరం ఉండక్కర్లేదు. కానీ పేరు పెట్టుకున్నందుకు ఆ రెండు పాఠాల్నీ తప్పుల్లేకుండా యూనికోడ్‌లో పెట్టి, తేడాలు చూపించి, ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకునేలా ఇస్తే ఎంత బాగుంటుంది! కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకి ఇంతకంటే మంచి ఫైనలియర్ ప్రాజెక్టు ఏముంటుంది?

ఈ యూనికోడ్ గొడవ ఎందుకంటారా? తెలుగు పుస్తకాలు ఏళ్ళ తరబడి పాత డీటీపీ ఫాంట్లలో కంపోజ్ అయ్యాయి. వాటిల్లో 'క' అనే అక్షరం కంప్యూటర్‌కి 'క' కాదు, ఏదో ఇంగ్లీషు అక్షరం స్థానంలో కూర్చున్న ఒక బొమ్మ. కాపీ చేసి ఇంకోచోట పేస్ట్ చేస్తే పిచ్చి గీతలొస్తాయి. ఇక స్కాన్ చేసిన పాత పుస్తకాల సంగతి సరే సరి, అవి ఉత్త ఫోటోలు. పుస్తకం నెట్లో ఉన్నట్టే ఉంటుంది, కానీ అందులో ఒక్క మాట వెతకలేం. కళ్ళు కనబడనివాళ్ళకి స్క్రీన్ రీడర్ చదివి పెట్టలేదు.

సరే, విగ్రహాల దగ్గరికొద్దాం. హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద ఎన్టీఆర్ వరసగా తెలుగు మహనీయుల విగ్రహాలు పెట్టించారు. మా ప్రాంతం వాళ్ళు ఎంతమంది ఉన్నారిందులో అని తెలంగాణవాళ్ళు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. అడిగినవాళ్ళకి ఏళ్ళ తరబడి జవాబు చెప్పలేదు. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్‌లో విగ్రహాలు పగిలాయి, వాటిలో శ్రీశ్రీదీ ఉంది. జీవితాంతం జెండాల గురించీ తిరుగుబాట్ల గురించీ రాసిన మనిషి, చివరికి ఒక ప్రాంతానికి జెండా అయి కూలిపోయాడు. రచయితని రచన నుంచి విడదీసి రాయిగా నిలబెడితే, అవతలివాడికి కనబడేది రాయే.

ఇదే ప్రశ్నకి తెలంగాణలోనే అంతకు చాలా ముందు ఒకాయన ఇంకో రకంగా జవాబిచ్చాడు. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ఎవరో రాస్తే, సురవరం ప్రతాపరెడ్డి 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చేశారు. 354 మంది కవులు! లేరన్నవాడి ముందు పుస్తకం పెట్టారు. ఇక మాట్లాడ్డానికి ఏముంది?

ఉత్తరాంధ్రలో ఆ పని చేసింది కాళీపట్నం రామారావు మాస్టారు. విశాఖలో బడిపంతులుగా పనిచేసిన మనిషి. 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒక్కచోట ఉండాలన్నది ఆయన పట్టుదల. తన కథలే కాదు, పేరున్నవాడివీ, ఒక్క కథ రాసి మాయమైపోయినవాడివీ కూడా. తర్వాత అవి స్కానై నెట్లోకి వచ్చాయి, కథ పేరుతోనో రచయిత పేరుతోనో వెతుక్కునే వీలొచ్చింది. 2021లో ఆయన పోయారు. ఇన్ని ప్రభుత్వాలు, ఇన్ని అకాడమీలు, ఇన్ని కమిటీలు ఉండి, ఈ పని ఒక రిటైరైన మాస్టారు నెత్తినేసుకోవాల్సి రావడం సిగ్గుగా అనిపించదూ?

అసలు చిక్కు చాసో, శ్రీశ్రీ, రావిశాస్త్రి లాంటివాళ్ళ దగ్గర వస్తుంది. మన చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి అరవయ్యేళ్ళు హక్కులుంటాయి. మొదట యాభయ్యే ఉండేది. టాగోర్ రచనలు బయటపడిపోతాయని 1992లో అరవై చేశారు. శ్రీశ్రీ పోయింది 1983లో, అంటే 2043 చివరిదాకా ఆగాలి. రావిశాస్త్రికి 2053. చాసోకి 2054. ఈలోగా పుస్తకం దొరకాలంటే ఎవరో ఒకరు పూనుకుని అచ్చెయ్యాలి, అవి అయిపోతే మళ్ళీ ఇంకెవరో పూనుకోవాలి. అది ఏ ప్రచురణకర్త దయమీదో ఆధారపడి ఉంటుంది.

దీనికి దారి మన పక్కనే ఉంది. భారతి రచనల హక్కుల్ని 1949లో మద్రాసు ప్రభుత్వం తీసుకుంది, తర్వాత అవి జనానికే వదిలేశారు. అప్పటికి కోస్తా, సీమ జిల్లాలు కూడా ఆ రాష్ట్రంలోనే ఉన్నాయని గుర్తు చేస్తున్నా. ఆ తర్వాత తమిళనాడు ప్రభుత్వాలు, ఏ పార్టీ ఉన్నా, వారసులకి డబ్బిచ్చి ఎందరో రచయితల రచనల్ని జాతీయం చేస్తూ వచ్చాయి. 2024లో కరుణానిధి రచనలు కూడా చేశారు. విగ్రహాల్లో వాళ్ళు మనకేం తీసిపోలేదు లెండి :) కాకపోతే దాంతోపాటు ఇదీ చేశారు.

'వారసుల నోట్లో మట్టి కొడతావా' అనేవాళ్ళుంటారు. కొట్టక్కర్లేదు. డబ్బిచ్చి, ఒప్పుకున్నవాళ్ళవే తీసుకోవాలి. 2009లో కణ్ణదాసన్, సుందర రామస్వామి కుటుంబాలు వద్దన్నాయి, వాళ్ళ హక్కులు వాళ్ళకే ఉన్నాయి. ఇందులో బలవంతం ఏముంది? 'విగ్రహం చూసి పిల్లలు ఎవరీయన అని అడుగుతారు కదా' అనే వాదన కూడా విన్నాను. అడుగుతారు, నిజమే. అడిగి జేబులోంచి ఫోన్ తీస్తారు. అప్పుడు వాళ్ళకి ఆయన రాసిన కథ దొరకాలా, ఆయనకి దండేసినవాళ్ళ ఫోటో దొరకాలా?

మనమేం తక్కువ తినలేదు. అమెరికాలో తెలుగు సభలు పెట్టినప్పుడు స్టేజీకి మహాకవి పేరు పెట్టి, దాని మీద సినిమా పాటల పోటీ నడుపుతాం. శాలువాలకీ మెమెంటోలకీ పెట్టే డబ్బులో నాలుగో వంతు చాలు, ఒక రచయిత సమగ్ర రచనలు టైపు చేయించడానికి. డబ్బు పెట్టలేనివాళ్ళకి తెలుగు వికీసోర్స్ ఉంది, హక్కులు తీరిన పుస్తకాలకి అక్కడ పేజీ పేజీ ప్రూఫు చూడొచ్చు. వారాంతంలో పది పేజీలు పెద్ద కష్టమేం కాదు.

2035 ఏప్రిల్ 30కి శ్రీశ్రీ పుట్టి నూటపాతికేళ్ళు. కమిటీ ఎలాగూ వేస్తారు. మొదటి మీటింగులో విగ్రహం ఎన్ని అడుగులుండాలి అని మొదలెట్టే ముందు, హక్కుదారులకి ఒక ఉత్తరం రాయండి: ఎంతకి ఇస్తారు, ఏ షరతుల మీద ఇస్తారు అని. డ్రాఫ్టు కావాలంటే నేను రాసిస్తాను.