పర్మిసిబుల్ అంటే ‘మంచిది’ అని కాదు!

మాది నల్గొండ జిల్లా. మా వైపు నీళ్లంటే ముందు గుర్తొచ్చేది ఫ్లోరైడే. అందుకే పోయినేడు ఊళ్లో మా ఇంటి బోరు నీళ్లు ల్యాబ్‌లో టెస్ట్ చేయించా. రిపోర్ట్ ఫోన్‌కే వచ్చింది. ఫ్లోరైడ్ లీటరుకు 1.4 మిల్లీగ్రాములు. పక్కనే ‘వితిన్ పర్మిసిబుల్ లిమిట్’ అని ఉంది. వెంటనే అమ్మకు ఫోన్ చేసి, ‘నీళ్లు మంచివేనట, తాగొచ్చు’ అని చెప్పేశా.

తప్పు చెప్పా. రిపోర్ట్‌లో తప్పు లేదు. ఆ ఇంగ్లిష్ మాటే నాకు సరిగా అర్థం కాలేదు.

పర్మిషన్ మనందరికీ తెలిసిందే. దాని విశేషణం పర్మిసిబుల్. పలికేటప్పుడు ‘మి’ని కాస్త ఒత్తి పలకాలి. అర్థం: అనుమతించదగిన, రూల్స్ ఒప్పుకునే. అంతవరకే! మంచిదనో, చేయమనో చెప్పడం కాదు. వద్దనడం లేదు, అంతే.

మన దేశ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 చూస్తే ఈ తేడా తెలుస్తుంది. అందులో ఫ్లోరైడ్‌కు రెండు హద్దులున్నాయి. ‘యాక్సెప్టబుల్’ 1.0, ‘పర్మిసిబుల్’ 1.5. ఈ రెండోది వేరే నీళ్లు దొరకని చోటికే. అంటే గతిలేక సర్దుకునే హద్దన్నమాట. మా ఇంటికి నల్లా నీళ్లు వస్తున్నాయి కదా, సర్దుకోవాల్సిన పనేముంది?

మళ్లీ ఫోన్ చేశా. ‘అమ్మా, తాగడానికీ వంటకీ నల్లా నీళ్లే వాడు’ అన్నా. ‘పొద్దున మంచియే అంటివి గదరా!’ అంది.

ఇది ఎక్కువగా రూల్స్‌లో, ఆఫీసు లెటర్లలో, రిపోర్టుల్లో కనిపించే మాట. ‘ఈజ్ ఇట్ పర్మిసిబుల్ టు యూజ్ ఎ కాలిక్యులేటర్?’ అంటే ‘కాలిక్యులేటర్ వాడొచ్చా?’ అని అడగడం. ‘దిస్ ఈజ్ నాట్ పర్మిసిబుల్ అండర్ ద రూల్స్’ అంటే ‘రూల్స్ ప్రకారం ఇది కుదరదు’ అని. ఫ్రెండ్స్‌తో మాట్లాడేటప్పుడు మాత్రం ‘అలౌడ్’ అంటే చాలు. అక్కడ పర్మిసిబుల్ అంటే నోటీసు బోర్డు చదివినట్టుంటుంది!

పర్మిసివ్‌తో కలిపేయకండి. అనుమతించేవాళ్లు పర్మిసివ్, అనుమతి ఉన్నది పర్మిసిబుల్. పిల్లలు ఏమడిగినా సరేననే అమ్మానాన్నలు ‘పర్మిసివ్ పేరెంట్స్’.

ఇకమీదట ఏ రిపోర్ట్‌లోనైనా ‘పర్మిసిబుల్’ కనిపిస్తే అక్కడితో ఆగిపోకండి. ఇంతకన్నా మంచి హద్దు ఇంకోటి ఉందేమో కూడా చూడండి.